బూడిద రంగు ఆజ్ఞ

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దుకున్నది నలభై ఆరేళ్ళ వయసులో. గీత ఎక్కడ వంచాలో, ఎక్కడ ఆపాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులు కనిపిస్తే సరిచేసుకుని చదువుకోండి. ఒక కాగితం నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకే అలంకారాల జోలికి పోను.

యసోజి చనిపోయాక ఈ శరత్తులో జరిగేది పదమూడో ఏటి కర్మ. ఆలోపు ఈ సంగతి రాసి పెట్టాలనుకున్నాను. ఇబారి లోయలో అతన్ని ఇప్పటికీ దొంగ పత్రం తెచ్చిన ముసలాడనే చెప్పుకుంటారట. అతనికి ఆ పేరు పెట్టింది నేనే.

తాంబా సీమలోని ఇబారి మా ఆయన మొరొహిరా ఊరు. మేము పెద్ద భూస్వాములం కాము. వాగుకు ఇటువైపు పదకొండు వరిమళ్ళు, వెనక కొండవాలు మీద కొంత అడవి, అంతే. ఆ పొలం మా ఆయన ముత్తాతకు కామకురా సేనానాయకులు ఇచ్చారు. వాళ్ళు ఇచ్చిన పత్రాలు నాలుగు, నూనె గుడ్డలో చుట్టి ధాన్యపు పెట్టె అడుగున ఉండేవి. మందంగా, తెల్లగా, ముట్టుకుంటే దూది పరిచినట్టుండేవి. ఏటా వానలు వెలిశాక వాటిని తీసి నీడలో ఆరబెట్టేదాన్ని. చదవడం రాదు కానీ ఏది ఎవరి పేరు మీద ఉందో మడతను బట్టి గుర్తు పట్టేదాన్ని.

కామకురా వాళ్ళు దీవికి పంపేసిన చక్రవర్తి తప్పించుకుని వచ్చాడనీ, ఆయన కోసం సైన్యాలు లేస్తున్నాయనీ తెలిసిన వసంతంలో మా ఆయన చక్రవర్తి పక్షాన వెళ్ళాడు. ఐదో నెలలో రాజధానిలో, కామకురా వాళ్ళ కోట వాకిట్లో, గొంతులో బాణం దిగి చనిపోయాడు. ఆయన జుట్టుముడిని నాకు తెచ్చి ఇచ్చింది యసోజి. మా మామగారి కాలం నుంచీ మా ఇంటి పనులన్నీ చూసేవాడతను. మా ఆయన్ని పసితనంలో వీపున మోసినవాడు.

చక్రవర్తి గెలిచాడు. సేనానాయకుల పాలన పోయి, ఎన్నో తరాల తర్వాత రాజ్యం రాజు చేతికే వచ్చిందని ఊరంతా పండగ చేసుకుంది. ఆ సాకే మత్తు దిగకముందే ఒక కబురు వచ్చింది. ఎవరి పొలమైనా సరే, చక్రవర్తి కొత్తగా ఇచ్చిన ఆజ్ఞాపత్రం ఉంటేనే వాళ్ళదట. పాత పత్రాలు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావట. పై నెలలో అది కాదు, ఇది అన్నారు. ఆ పై నెలలో మళ్ళీ మార్చారు. నాకు కొడుకులు లేరు. పన్నెండేళ్ళ కూతురు అకొమె ఒక్కతే. ఆ పదకొండు మళ్ళు పోతే అది ఎవరో ఒకరి ఇంట్లో నీళ్ళు మొయ్యాల్సిందే. నాకు అప్పుడు వేరే భయం ఏదీ లేదు, ఇదొక్కటే.

మా ఆయన చేసిన సేవను రాసి, కింద సేనాపతి గుర్తు పెట్టిన కాగితం ఒకటి మా దగ్గర ఉండేది. దాన్ని పట్టుకుని ఎనిమిదో నెలలో యసోజి రాజధానికి బయలుదేరాడు. పాత పత్రాలు మాత్రం నేను అతని చేతికి ఇవ్వలేదు. మగదిక్కు లేని ఇంటికి అనుమానమే గడియ అని నాకు అప్పటికే అర్థమైంది.

పది రోజుల్లో వస్తానన్నవాడు ఏడు నెలలు రాలేదు. ఆ ఏడు నెలల్లో రాజధాని నుంచి వచ్చిన ప్రతివాడూ ఒకే కథ చెప్పాడు. అక్కడ వీధికొక దొంగ ఆజ్ఞాపత్రం దొరుకుతోందనీ, ఒకే పొలానికి ముగ్గురు యజమానులు తేలుతున్నారనీ. నేను వింటూ కూర్చునేదాన్ని. యసోజి మీద నమ్మకం రోజుకు ఒక పోగు చొప్పున తెగిపోయింది.

మూడో నెలలో, మంచు కరిగాక, వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా వెదురు గొట్టం తెరిచి కాగితం తీసి నా ముందు పరిచాడు.

చక్రవర్తి పత్రం ఎలా ఉంటుందో నేను మనసులో ఎన్నోసార్లు చూసుకున్నాను. సేనానాయకుల పత్రాలే అంత తెల్లగా ఉంటే చక్రవర్తిది ఇంకెంత తెల్లగా ఉండాలి! ఎర్ర ముద్ర ఉండాలి, సువాసన రావాలి. నా ముందున్న కాగితం మాత్రం పొయ్యి తుడిచిన గుడ్డలా ఉంది. బూడిద రంగు. మధ్యమధ్యలో నల్లటి నలకలు. నాలుగైదు వరుసల రాత, ఒక మూల ఎవరిదో చిన్న పేరు. ముద్ర లేదు.

“ఇదేనా?” అన్నాను.

“ఇదే అమ్మగారూ. పొలం మీకూ, మీ తర్వాత పాపకూ అని రాసుంది.”

“చక్రవర్తికి తెల్ల కాగితం కూడా కరువైందా?”

“ఆయన చెప్తారు, కార్యదర్శి రాస్తాడు. కార్యదర్శులు రాసేది ఈ కాగితం మీదేనమ్మా.”

“నీకెట్లా తెలుసు?”

అతను నేల చూశాడు. “అక్కడ అనుకుంటుంటే విన్నాను,” అన్నాడు.

ఆ నేల చూపు నా మనసులో ముల్లులా దిగింది. తర్వాత అతని చేతులు చూశాను. దారిలో ఎండకు మాడిన చేతులు కావవి. తెల్లగా నాని, వేళ్ళ చివర తోలు లేచి ఉన్నాయి. చొక్కా చేతులు చెక్కలా బిర్రుగా ఉన్నాయి.

ఊరి గుడిలో ఉండే రిన్‌కూ స్వామికి కాగితం చూపించాను. ఆయన కామకురా పత్రాలు పదుల కొద్దీ చదివినవాడు. తిప్పి చూశాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. రాతలో తప్పేమీ లేదన్నాడు. కానీ ఇలాంటి కాగితాన్ని మేము చెప్పులు చుట్టడానికి కూడా వాడమమ్మా, అన్నాడు. ఆయనా, నేనూ, మా తాతలూ ఎవరమూ చక్రవర్తి కార్యదర్శి పత్రాన్ని పుట్టాక చూసి ఎరగం. ఆ సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

నాలుగో నెలలో మా మరిది కగెనారి వచ్చాడు. పక్క లోయలో ఉంటాడు. యుద్ధం అయిపోయాక యుద్ధానికి వెళ్ళిన మనిషి. మాటకారి. వస్తూ అకొమెకు ఎండు చేపలు తెచ్చాడు. కాగితం చూసి పడీపడీ నవ్వాడు.

“వదినా, దీంట్లో ముల్లంగి కడితే ముల్లంగి పరువు పోతుంది.”

అకొమె కూడా నవ్వింది. అది వెళ్ళాక అతను గొంతు తగ్గించాడు. “నీతో చెప్పకూడదనుకున్నాను. మీ యసోజిని రాజధానిలో చూశాను. కామియా వాగు దగ్గర కాగితాలు చేసే పాకలో, మోచేతుల దాకా తొట్టిలో. నీ దగ్గర మానేశాడేమో అనుకున్నా. నేను చెప్పానని మాత్రం అనకు.”

వెంటనే యసోజిని పిలిచి అడిగాను. అతను కాదనలేదు. దావాల కచేరీ ముందు జనం చీమల్లా ఉన్నారట. తీసుకెళ్ళిన బియ్యం ఒక్క నెలలోనే అయిపోయాయట. మళ్ళీ పంపమని అడగడానికి మనసొప్పక వాగు దగ్గర కూలికి కుదిరాడట. మొరొహిరాగారి ఇంటి పెద్ద పనివాడు కూలికి తొట్టి కలిపాడంటే ఇంటికి చిన్నతనమని దాచాడట.

“అంటే కాగితం చెయ్యడం వచ్చన్నమాట,” అన్నాను.

“వచ్చింది అమ్మగారూ.”

“ఇట్లాంటిది?”

“ఇట్లాంటిదే. అందుకే చెప్తున్నా, ఇది అసలుది. నా చేతుల్లో తిరిగిన కాగితం నాకు తెలియదా?”

అతను నిజం చెప్పే కొద్దీ నాకు అది అబద్ధంగా గట్టిపడింది. ఏడు నెలలు కాగితం చేసిన మనిషి ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. ఇంకేం కావాలి!

పది రోజుల తర్వాత కగెనారి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక పొడుగాటి పెట్టె తెచ్చాడు. అందులో పాలమీగడలాంటి కాగితం, పెద్ద పెద్ద నల్లటి అక్షరాలు, కింద చేయంత ఎర్ర ముద్ర. వదిన పొలం వదినకే ఉండాలని తనకు తెలిసిన దొరగారి ద్వారా తెప్పించానన్నాడు. రిన్‌కూ స్వామి దానికి వంగి నమస్కారం పెట్టాడు. ఒక్కటే చిన్న పని మిగిలిందని కగెనారి అన్నాడు. సీమ కచేరీలో ఎక్కించాలంటే కామకురా నాటి పాత పత్రాలు నాలుగూ అప్పగించాలట.

నేను అతన్నీ నమ్మలేదు. ఆ మాట ఇక్కడ రాసుకోవాలి. నేను ఎవరినీ నమ్మలేదు. ఇద్దరూ గుడిలో ఒట్టు పెట్టి కూర్చోండన్నాను. మా సీమలో అది పాత ఆచారం. నిజమే చెప్తున్నానని రాసి, కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి తాగి, ఏడు రోజులు గుడిలో ఉండాలి. ఇద్దరు కాపలా ఉంటారు. ఆ ఏడు రోజుల్లో ముక్కు నుంచి రక్తం కారినా, అన్నం గొంతుకు అడ్డం పడినా, కాకి రెట్ట మీద పడినా, ఎలుక బట్ట కొరికినా, ఆ మనిషి అబద్ధమాడినట్టు.

కగెనారి కిసుక్కున నవ్వాడు. “ఏడు కాదు వదినా, పద్నాలుగు రోజులు కూర్చుంటాను. కాకులకు కూడా నేనంటే మర్యాద. ముందు మీ ముసలాణ్ణి కూర్చోబెట్టు, ఆయన లేచాక నేను.”

యసోజి బూడిద నీళ్ళు తాగి లోపలికి వెళ్ళాడు.

నాలుగు రోజులు ఏమీ కాలేదు. కొర్ర అన్నం మెతుకు మెతుకూ నమిలి తింటున్నాడని కాపలావాళ్ళు చెప్పారు. ఐదో రోజు పొద్దున రిన్‌కూ స్వామి నాకు కబురు పెట్టాడు. వెళ్ళి చూశాను. యసోజి చొక్కా ఎడమ చెయ్యి అంచు అరచేయంత మేర కొరికి ఉంది. చెక్కపలక మీద ఎలుక పెంటికలు. అతను ఆ చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు.

నాకు బాధ కలగలేదు. నా అనుమానం నిజమైందని హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి.

“నీ కాగితం నువ్వే ఉంచుకో,” అని ఆ బూడిద రంగు ఆజ్ఞను అతని ఒళ్ళోకి విసిరాను. “నీ చేత్తో చేసిందేగా.”

అతను దాన్ని మళ్ళీ గొట్టంలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. “ఎప్పుడైనా కావాలనిపిస్తే కబురు పెట్టండమ్మా,” అన్నాడు. గుడి మెట్లు దిగి, ఇంటికి కూడా రాకుండా, అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

కగెనారిని కూర్చోబెట్టానా అంటే, లేదు. అంత సులువుగా ఒప్పుకున్నవాడికి ఇంక పరీక్ష ఎందుకనుకున్నాను. ఒట్టు వేస్తానన్నవాణ్ణి నమ్మాను. ఒట్టు వేసినవాణ్ణి నమ్మలేదు. నూనె గుడ్డ విప్పి నాలుగు పత్రాలూ అతని చేతిలో పెట్టాను.

మరుసటి వసంతంలో సీమ కచేరీ నుంచి ఒక అధికారి గుర్రం మీద వచ్చాడు. ఆజ్ఞ మళ్ళీ మారి పాత పత్రాలూ చెల్లుతున్నాయనీ, ఇబారి పొలం కగెనారి పేరు మీద ఉందనీ, పాత పత్రాలు నాలుగూ అతనివేననీ చెప్పాడు. నేను తెల్ల కాగితం తెచ్చి పరిచాను. అతను రాత కూడా చదవలేదు. రంగు చూశాడు, ముద్ర చూశాడు, నా మొహం చూశాడు.

“చక్రవర్తి కార్యదర్శులు తెల్ల కాగితం ముట్టరు. వాళ్ళది బూడిద రంగు. ముద్ర కూడా వెయ్యరు. ఎవరమ్మా నీకిది అంటగట్టింది?”

కగెనారి అతని పక్కనే నిలబడి ఉన్నాడు. నేను అతని వైపు చెయ్యి చూపించాను. కగెనారి జాలిగా తల ఊపాడు. భర్త పోయినప్పటి నుంచీ వదినకు మతి నిలకడ లేదన్నాడు. దొంగ పత్రం ఉంచుకుంటే శిక్ష ఉంటుందనీ, ఆడదాన్ని కాబట్టి వదిలేస్తున్నాననీ అధికారి అన్నాడు. తెల్ల కాగితాన్ని నా ముందే చింపేశాడు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వరికోతల దాకా గడువు ఇచ్చారు.

కోతలయ్యాక అకొమెను తీసుకుని కొండదారి దాటి రాజధానికి నడిచాను. నాకు తెలిసిన ఒకే ఒక్క చిరునామా కామియా వాగు.

అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. పాకల ముందు ఎండలో పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి పలక మీదా ఒక తడి కాగితం. వందల కాగితాలు, అన్నీ బూడిద రంగువే. తొట్టి కడుగుతున్న ఒకామెను ఇదేం కాగితమని అడిగాను. చక్రవర్తి కోట నుంచి వచ్చిన పాత రాతల కాగితాలు నానబెట్టి, దంచి, మళ్ళీ చేస్తామంది. “ఎంత కడిగినా సిరా పూర్తిగా పోదు. అందుకే ఈ మసి రంగు. కార్యదర్శులకు ఇదే పంపుతాం,” అంది.

పాక గోడకు కూలీల చొక్కాలు వేలాడుతున్నాయి. వాటి చేతులన్నీ అంచుల్లో కొరికి ఉన్నాయి. నేను వాటినే చూస్తుంటే ఆమె నవ్వింది.

“అతికే గంజి ఉంటుంది కదమ్మా, అది చొక్కా చేతులకు పట్టేస్తుంది. ఎన్ని నీళ్ళలో జాడించినా వదలదు. మా ఎలుకలకు మా చొక్కాలే విందు భోజనం.”

నేను ఆ చొక్కాల కింద కూలబడ్డాను. యసోజి ఏడు నెలల కూలి ఆ చొక్కా చేతిలో ఉంది. ఎలుక కొరికింది దాన్ని. మా గుడిలో దేవుడు చెప్పాడనుకున్నది ఆ గంజి చెప్పింది.

అతను పాక వెనక నుంచి తడి చేతులతో వచ్చాడు. నన్ను చూసి నమస్కరించాడు. అకొమెను చూసి, “పాప ఎంత పొడుగైందమ్మా,” అన్నాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టి లోపలికి వెళ్ళి వెదురు గొట్టం తెచ్చాడు.

“కబురు పెడతారనుకున్నా. మీరే వచ్చారు,” అన్నాడు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

మర్నాటి నుంచి ఆజ్ఞ పట్టుకుని దావాల కచేరీ ముందు వరసలో నిలబడ్డాం. మా వంతు రావడానికి ఇంకా ఎంతమంది ఉన్నారో యసోజి రోజూ లెక్క చెప్పేవాడు. సంవత్సరాది వెళ్ళగానే తూర్పు నుంచి సైన్యం వచ్చింది. చక్రవర్తి కొండ మీదకు వెళ్ళిపోయాడు. నగరం తగలబడింది. వాళ్ళు పోయారు, వీళ్ళు వచ్చారు, మళ్ళీ వాళ్ళే వచ్చారు. చలికాలానికి సేనానాయకుల పాలన తిరిగి కుదురుకుంది. చక్రవర్తి రాజ్యం మొత్తం కలిపి మూడేళ్ళే. ఆ కాగితం ఎలా ఉంటుందో తాంబాకు తెలిసేలోపే అయిపోయింది.

కొత్త కచేరీలో ఒక గుమాస్తా మా ఆజ్ఞను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

“ఇదీ ఆ మూడేళ్ళ సరుకేనా? పొద్దున్నుంచీ ఇవే. ఇప్పుడు వీటికి విలువ లేదమ్మా. కామకురా నాటి పత్రాలుంటే తీసుకురా, వెంటనే రాసిస్తాం.”

యసోజి నా వైపు చూడలేదు. నాకు అతని కంటే ఎక్కువ జాలి చూపించినవాళ్ళు లేరు.

కగెనారి ఆ నాలుగు పత్రాలతోనే కొత్త దొరల దగ్గర కూడా ఇబారిని నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు అతని కొడుకు ఏలుతున్నాడు. అకొమె కాగితాల పాకలోనే పెరిగి, పలకలు ఆరబెట్టే అతన్ని పెళ్ళి చేసుకుంది. నీళ్ళు మొయ్యాల్సిందేనని నేను భయపడ్డాను. నిజంగానే వాగు నుంచి తొట్టికి రోజంతా నీళ్ళు మోస్తుంది. మోస్తూ పాడుకుంటుంది కూడా.

ఆ తర్వాత మూడేళ్ళకు యసోజి పోయాడు. అతను పోయాకే నేను అక్షరాలు మొదలుపెట్టాను. నానబెట్టడానికి వచ్చిన చిత్తు కాగితాలే నాకు పలకలు. అందరూ బుద్ధుడి సూత్రాలు చదవాలన్న భక్తి అనుకుని మెచ్చుకున్నారు. నేను నేర్చుకున్నది భక్తితో కాదు. ఆ ఆజ్ఞలో నిజంగా ఏముందో నాకు నేనుగా ఎప్పుడూ చూడలేదు. పొలం మీకూ, మీ తర్వాత పాపకూ అని అతను చెప్పాడు. రిన్‌కూ స్వామి రాతలో తప్పు లేదన్నాడు, అంతే. కోట రాత చదవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ, అతని సమాధికి ప్రతి నెలా నీళ్ళు పోస్తూ కూడా, లోపల ఎక్కడో అనుమానం ఉంది. ఒకవేళ అందులో అతని పేరే ఉంటే?

ఒక వానాకాలం మధ్యాహ్నం చదివాను. తాంబాలోని ఇబారి పొలం, యుద్ధంలో మరణించిన మొరొహిరా భార్యకు, ఆమె తర్వాత కూతురికి, ఎవరి అడ్డూ లేకుండా చెందాలి. అతను చెప్పింది అక్షరం పొల్లు పోలేదు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి సిగ్గేసింది.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చనిపోయినవారి ఉత్తరాలను నానబెట్టి కాగితం చేసి, దాని మీద వారికోసం సూత్రం రాస్తారు. యసోజి ఉత్తరాలు రాసే మనిషి కాదు. అతని చేతిలో ఎక్కువ కాలం ఉన్న కాగితం ఇదొక్కటే. రేపు పొద్దున దాన్ని తొట్టిలో వేస్తాను. అకొమె దంచుతానంది. ఒక్క కాగితంతో ఎన్నో రావు కాబట్టి కొంత పాత పీచు కలుపుతాం. ఎంత కడిగినా సిరా పోదు, మసి రంగే వస్తుంది. సూత్రం నా చేత్తోనే రాస్తాను. వంకర్లు ఉంటాయి. అతను ఏమీ అనడు.

మ్యోకై, సన్యాసం తీసుకోకముందు అగురి. యాభై ఎనిమిదేళ్ళు. రాజధాని ఉత్తరాన, కామియా వాగు ఒడ్డున, మూడో కాగితపు పాక వెనక ఉంటున్నాను.